గవర్రాజు కుడిచెయ్యి

గవర్రాజు కడుపులో రాళ్ళు తీయించుకోవడానికి ఆసుపత్రిలో చేరి, కుడిచెయ్యి లేకుండా ఇంటికి వచ్చాడు. బీమా కంపెనీ ఆయన్ని ఎంత మేరకు మంజూరు చేసిందో అంత మేరకే డిశ్చార్జి చేశారు.

ఇందులో డాక్టర్ల తప్పేమీ లేదు. ఆపరేషన్ బాగానే జరిగింది. తీసిన రాళ్ళు సీసాలో వేసి చూపించారు కూడా. చిక్కంతా గది దగ్గర వచ్చింది. పాలసీ ప్రకారం గవర్రాజు నలుగురు పడుకునే గదిలో పడుకోవాలి. ఆ రోజు ఆ గదిలో మంచం ఖాళీ లేదు. నొప్పితో మెలికలు తిరిగిపోతున్న మనిషిని నర్సులు ఎదురుగా ఉన్న ఒంటరి గదిలో పడుకోబెట్టారు. పాలసీ కాగితం వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో ఒక రూలు ఉంది. రోగి తన స్థాయికి మించిన గదిలో పడుకుంటే గది అద్దె ఒక్కటే కాదు, డాక్టరు ఫీజు, మత్తుమందు, కుట్లు, దూది, సమస్తం అదే దామాషాలో కోసేస్తారు.

పూర్వం ఈ కోత డబ్బులో ఉండేది. రోగి తాలూకు వాళ్ళు చెవులకున్నవీ మెడలో ఉన్నవీ తాకట్టు పెట్టి కట్టేవారు. కట్టి బయటికొచ్చి కంపెనీని నోటికొచ్చినట్టు తిట్టేవారు. అది విని శుభచ్ఛాయ బీమా కంపెనీ చాలా నొచ్చుకుంది. పాలసీదారుల్ని అప్పులపాలు చెయ్యడం న్యాయం కాదని తీర్మానించింది. అప్పటినుంచి కోత డబ్బులో కాకుండా మనిషిలోనే తీసుకుంటోంది. నొప్పి ఉండదు. రక్తం రాదు. మంజూరు కాని భాగం సొరుగు లాగినట్టు ఊడి వస్తుంది. ఊడినచోట చర్మం నున్నగా మూసుకుపోతుంది. ఎవరికీ ఎక్కడా అప్పు చెయ్యక్కర్లేదు.

ఆసుపత్రి కింది అంతస్తులో ఇన్సూరెన్స్ బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి కంప్యూటరు చూసి, "కుడిచెయ్యండి. మణికట్టు దాకా," అంది.

గవర్రాజు భార్య మాణిక్యం కూరగాయల బజారులో బేరమాడినట్టే మొదలుపెట్టింది. "కుడిదెందుకమ్మా? ఎడమది తీసుకోండి. ఈయన మంగలండి, కుడిచేత్తోనే కదా కూడు తినేది."

"అందుకేనండి. పనిచేసే చెయ్యికి విలువెక్కువ. ఒక్కటితో సరిపోద్ది. ఎడమదిస్తే దాంతోపాటు కాలివేళ్ళు కూడా ఇవ్వాలి."

"పోనీ చిటికెన వేలూ ఉంగరం వేలూ తీసుకోండి. కత్తిరికి అవి పెద్దగా పనికిరావు."

"విడిగా తీసుకోమండి. సెట్టు విరగ్గొట్టకూడదు."

 గవర్రాజు మామూలుగానే మాట తక్కువ మనిషి. చెయ్యి ఊడదీసి, తెల్లటి తెర్మాకోలు పెట్టెలో పడుకోబెట్టి, పైన పాలసీ నంబరు అంటించారు. ముట్టినట్టు సంతకం పెట్టమన్నారు. ఏ చేత్తో అని అడిగాడు. ఎడమ బొటనవేలి ముద్ర చాలన్నారు.

తణుకు పాత బస్టాండు వీధిలో ఆయన రాకను ఎవరూ వింతగా చూడలేదు. ఆ వీధిలో అందరిదీ అదే కంపెనీ పాలసీ. టీకొట్టు వీరాస్వామికి ఎడమచెవి లేదు. ఆయన కంటికి శుక్లం తీయించుకున్నాడు. కన్ను మంజూరైంది గానీ కంట్లో పెట్టిన అద్దం మంజూరు కాలేదు. చెప్పులు కుట్టే ఏసోబుకు ఒక పాదం లేదు. ఆయన చెప్పుల జతలో రెండోది పక్కన పెట్టి, అలాంటివాళ్ళు ఇంకొకరు వస్తే అమ్ముతాడు. వస్తూనే ఉంటారు. ఇవన్నీ అలవాటైపోయాయి. కొత్తగా అంగం పోయినవాణ్ణి చూసి, "ఏం పట్టుకెళ్ళారు?" అని అడుగుతారు. వర్షం పడిందా అన్నట్టే అడుగుతారు.

కానీ గవర్రాజు మణికట్టు చూసేసరికి వీరాస్వామి చేతిలో గ్లాసు కిందపెట్టేశాడు.

"అదెలా పట్టుకెళ్ళారు బావా? అది నీ ఒక్కడిదా? వీధందరిదీ కదా!"

ఆ మాటలో అబద్ధం లేదు. గవర్రాజు చెయ్యి బోణీ చేసే చెయ్యి. పొద్దున్నే ఆయన తన దుకాణం తాళం తియ్యకముందు వీధి ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచేవాడు. ప్రతి కొట్టు దగ్గరా ఆగి, కుడిచేత్తో ఒక రూపాయి బిళ్ళ గల్లాలో వేసేవాడు. ఆ బిళ్ళ పడనిదే ఎవరూ మొదటి బేరం ఒప్పుకునేవారు కాదు. ఆయన చెయ్యి పడిన రోజు సరుకు మిగిలేది కాదని వాళ్ళ నమ్మకం. చంటిపిల్లల పుట్టువెంట్రుకలు తీయించడానికి అత్తిలి నుంచీ ఉండ్రాజవరం నుంచీ వచ్చేవారు. ఆయన హస్తవాసికి పిల్లలు ఏడ్చేవారు కాదు. కత్తి నెత్తిమీద నడుస్తుంటే నిద్రపోయేవారు.

ఇప్పుడు ఎడమచేత్తో బోణీ ఏమిటి? ఎవరూ అడగలేదు, ఆయనా చెయ్యలేదు. వీధి కొట్లు ఆలస్యంగా తెరుచుకోవడం మొదలైంది. తెరిచాక కూడా, ఎవరో రావాల్సినవాళ్ళు రానట్టు, అంతా గుమ్మాల్లో నిలబడి చూసేవారు. ఎడమచేత్తో గడ్డం గియ్యబోయి ఒక పెద్దమనిషి చెంప కోశాక, గవర్రాజు దుకాణానికి కూడా ఎవరూ రాలేదు.

ఆ వీధికి ఈ కంపెనీ ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. చిట్టిబాబు అనే కుర్రాడు కొత్తగా ఏజెంటు అయ్యాడు. మొదటి పాలసీ గవర్రాజు దగ్గరికే తెచ్చాడు. "బాబాయ్, నీ చేత్తో బోణీ చెయ్యి. నా బతుకు బాగుపడద్ది," అని కాళ్ళకు దణ్ణం పెట్టాడు. గవర్రాజు సంతకం పెట్టాడు. ఏం రాసుందో చదవలేదు. బోణీ అడిగినవాడి సరుకు నాణ్యం చూసి బోణీ చేస్తారా? ఆయన సంతకం పెట్టాడని వీధంతా పెట్టింది. చిట్టిబాబు బతుకు బాగుపడింది. కారు కొన్నాడు.

ఆ కారు దిగి వచ్చి మణికట్టు చూసి చిట్టిబాబు నాలిక కరుచుకున్నాడు. "అయ్యయ్యో బాబాయ్, ఒంటరి గదిలో ఎందుకు పడుకున్నావు?"

"మంచం లేదన్నారు."

"నేలమీద పడుకుంటే పోయేది. నేలకి కోత లేదు."

మాణిక్యం చీపురు తీసింది. "ఒరేయ్ చిట్టిగా, నీ ఇంటి పెళ్ళికి పందిట్లో కూర్చోబెట్టి మరీ గడ్డం గీయించుకున్నావు. ఆ చెయ్యి ఎక్కడ పెట్టారో చెప్పి కదులు."

బెజవాడ ఆఫీసులో నిలుపుదల అంగాల విభాగం ఉందని, పొద్దున్న పదికి తెరుస్తారని చెప్పి, చిట్టిబాబు కారెక్కాడు. ఎక్కేముందు వచ్చే నెల ప్రీమియం మర్చిపోవద్దన్నాడు. ప్రీమియం ఆపితే నిలుపుదలలో ఉన్న భాగాల మీద హక్కు కూడా ఆగిపోతుంది.

బెజవాడ ఆఫీసు అద్దాల మేడ. చల్లగా ఉంది. గవర్రాజూ మాణిక్యమూ మెట్ల పక్క బెంచీ మీద కూర్చుని, పిలిచాక లోపలికి వెళ్ళారు. డివిజనల్ మేనేజరు సుదర్శనరావు చాలా మర్యాదస్తుడు. లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. రెండు చేతులూ ఉన్నాయి, రెండు చెవులూ ఉన్నాయి, కాళ్ళూ వేళ్ళూ అన్నీ లెక్కకు సరిపోయాయి.

మాణిక్యం ఉండబట్టలేక అడిగింది. "మీకు అన్నీ ఉన్నాయేంటండి?"

"నేను మా కంపెనీ పాలసీ తీసుకోలేదమ్మా," అన్నాడు మేనేజరు.

ఆయన దగ్గరుండి విభాగమంతా తిప్పి చూపించాడు. దాచుకునేదేమీ లేదన్నాడు. మొదట్లో నిలుపుదల అంగాల్ని గోదాములో పేర్చేవారట. ఊరికే పడి ఉండటం దండగ అనిపించింది. పాలసీదారుల అంగాలు పాలసీదారుల సేవకే వాడితే బాగుంటుందని పెద్దలు అనుకున్నారు. ఇప్పుడు ఒక హాలు నిండా పాదాలు ఉన్నాయి. అవి పొద్దున్నే బయల్దేరి, క్లెయిము పెట్టినవాళ్ళ ఇళ్ళ చుట్టూ తిరిగి, ఎవరైనా నవ్వుతూ కనపడితే వచ్చి చెబుతాయి. ఇంకో గదిలో కళ్ళు ఉన్నాయి. అవి ఆసుపత్రి కాగితాల్లో తప్పులు వెతుకుతాయి. ఫిర్యాదులు వినే విభాగంలో బల్లలమీద వరసగా ఫోన్లు, ఒక్కో ఫోనుకు ఒక్కో చెవి. నోళ్ళు మాత్రం లేవు. ఆ కంపెనీకి ఫోను చేసినప్పుడు అవతల ఎవరో వింటున్నట్టే ఉండి ఎవరూ పలకకపోవడానికి కారణం అదేనని గవర్రాజుకు అప్పుడు తెలిసింది. వాటిలో వీరాస్వామి చెవి ఏదో పోల్చుకుందామని చూశాడు. అన్నీ ఒకేలా ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

చేతుల హాలు అన్నిటికంటే పెద్దది. బారులు తీరిన బల్లలు. ప్రతి బల్లమీదా ఒక చెయ్యి, ఒక కలం, ఒక కాగితాల దొంతర. మనిషన్నవాడు లేడు. కలాలు గీకుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినపడటం లేదు. అన్నిటికంటే ముందు, ఎత్తుగా వేసిన బల్లమీద, బంతిపూల దండ మధ్యలో ఒక చెయ్యి ఉంది. కత్తెర కన్నంలో పడి పడి బొటనవేలు మొదట్లో కాయ కాసి ఉంది.

"నాదే," అన్నాడు గవర్రాజు.

మేనేజరు మొహం వెలిగిపోయింది. "మీరేనా అండి అది! చాలా సంతోషం. మీ చెయ్యి వచ్చిన దగ్గర్నుంచీ ఈ డివిజన్ దశ తిరిగిపోయింది. మొదట మామూలు బల్లమీదే వేశాం. కానీ ఆ చెయ్యి మొదటి తిరస్కరణ రాసిన రోజున ఒక్కరూ తిరిగి అప్పీలుకు రావడం లేదు. ఏడ్చేవాళ్ళు కూడా ఇంటికెళ్ళి ఏడుస్తున్నారు. అందుకని రోజూ బోణీ దాని చేతే చేయిస్తున్నాం. ఏం హస్తవాసండీ మీది!"

గవర్రాజు బల్ల దగ్గరికి వెళ్ళాడు. తన చెయ్యి తనను గుర్తుపడుతుందేమోనని మణికట్టు ముందుకు చాచాడు. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. చిటికెన వేలు కదిలింది. తర్వాత కాగితం చివరకు పోయి, గవర్రాజు సంతకం, ఆయన మూడో తరగతిలో నేర్చుకున్న ఆ వంకర సంతకమే, పొందిగ్గా పెట్టింది.

గవర్రాజు ఆ కాగితం మీద పేరు కూడబలుక్కుని చదివాడు. తమ వీధిలో పూలకొట్టు వరహాలమ్మ. ఆమె మొగుడు నూకరాజు అప్పు చేసి కొన్న తన ఆటోలో పోతుండగా లారీ గుద్ది చనిపోయాడు. ఆ బీమా సొమ్ము వస్తుందన్న ఆశతోనే ఆమె ఆటో అప్పువాళ్ళను గుమ్మంలో ఆపుతోంది. తిరస్కరణకు కారణం కింద ఇలా రాసి ఉంది: మరణించబోతున్నట్టు పాలసీదారు కంపెనీకి ఒక రోజు ముందుగా తెలియజేయలేదు.

పూలదండతో సహా ఆ చేతిని గవర్రాజు ఎడమచేత్తో పట్టుకుని లాగాడు. జీవితంలో ఆయన గొంతు పైకి లేచింది ఆ ఒక్కసారే. "దొంగనాకొడకల్లారా! ఈ చెయ్యి చంటిపిల్లల తలలు నిమిరిందిరా!" అని అరిచాడు. హాల్లో చేతులన్నీ రాయడం ఆపేశాయి. ఇద్దరు సెక్యూరిటీవాళ్ళు వచ్చి ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విడదీశారు. మేనేజరు కోప్పడలేదు. సెక్యూరిటీవాళ్ళతో "నెమ్మదిరా, ఆ ఎడమది కూడా మన పాలసీలోదే," అని మాత్రం అన్నాడు.

తిరిగొచ్చి గవర్రాజు ఫిర్యాదు పెట్టాడు. కంపెనీల మీద పాలసీదారులు పెట్టుకునే ఫిర్యాదులు వినడానికి ఒక పెద్ద అధికారి ఉంటాడు. ఆయన ఎవరి మనిషీ కాడని పేరు. విచారణ రోజున వీధంతా కొట్లు కట్టేసి బస్సు మాట్లాడుకుని బెజవాడ వెళ్ళింది. వీరాస్వామి ఫ్లాస్కుల్లో టీ పోసుకొచ్చాడు. ఏసోబు చంకకర్రతో ముందు సీట్లో కూర్చున్నాడు. వరహాలమ్మ అందరికీ ఇంత మల్లెపూలు పంచింది. ఆమెకు అప్పటికే తిరస్కరణ కాగితం అందింది. దాని మీద ఎవరి సంతకం ఉందో ఆమెకు తెలుసు. బస్సులో గవర్రాజు పక్కనే వచ్చి కూర్చుంది.

"అన్నాయ్, నీ తప్పేం లేదులే. ఆ ముండాకొడుకులు ఆడించారు, అది ఆడింది. ఇవాళ ఆళ్ళ పీక పట్టుకుందాం," అంది.

గవర్రాజు తల ఊపాడు. జీవితంలో మొదటిసారి ఎవరో ఒకడు ఈ కంపెనీని ఎదురుగా కూర్చోబెట్టి ఎందుకురా ఇలా చేశావు అని అడగబోతున్నాడు. బస్సులో అందరి మొహాల్లోనూ అదే ఉంది. పాటలు పాడుకుంటూ వెళ్ళారు.

అధికారి ముసలాయన. నిదానస్తుడు. కాగితాలన్నీ ఓపిగ్గా చదివాడు. చదివి కంపెనీ వైపు చూశాడు. "ఈమె మొగుడు చచ్చిపోతున్నట్టు ముందురోజు చెప్పాలా? ఇది ఎవరు రాశారు? మనిషి రాసే రాతేనా ఇది?"

హాల్లో వీధివాళ్ళంతా ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్నారు. ఏసోబు చంకకర్ర నేలకేసి కొట్టాడు.

మేనేజరు లేచి, "మేము రాయలేదండి," అన్నాడు. కంపెనీ అన్నది ఒక పేరు మాత్రమేననీ, పేరుకు చేతులుండవనీ, ఇప్పటిదాకా కంపెనీ తన చేత్తో ఒక్క క్లెయిమునూ తిరస్కరించలేదనీ వినయంగా విన్నవించుకున్నాడు. సంతకం చూసుకోమన్నాడు.

అధికారి సంతకం చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. "జవాబుదారీ అనేది ఒక మనిషి మీద నిలబడాలి. గాలిలో నిలబడదు. గవర్రాజు గారూ, ఒక్క ప్రశ్న. ఈ చెయ్యి మీదేనా?"

"చెయ్యి నాదేగానండి, ఆడించింది..."

"ఆడించిన సంగతి కాగితంలో లేదు. తొందరపడకండి. ఆలోచించుకుని చెప్పండి. చెయ్యి మీది కాదంటే, ఈ తిరస్కరణలన్నీ దిక్కులేని చెయ్యి రాసినవి. చెల్లవు. అన్ని క్లెయిములూ మళ్ళీ మొదట్నుంచి చూడాలి. కానీ మీది కాని చేతిని మీకు ఇప్పించలేను. మీదే అంటే, మీ చెయ్యి మీద మీకు హక్కు ఉన్నట్టు రాస్తాను. అప్పుడు అది రాసిన రాత కూడా మీదే."

మేనేజరు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆయనకు ఏ జవాబైనా ఒకటే. మళ్ళీ మొదట్నుంచి చూడాల్సి వచ్చినా, తిరస్కరణలు రాయడానికి హాల్లో ఇంకా బోలెడు చేతులున్నాయి.

వెనకనుంచి వరహాలమ్మ గవర్రాజు చొక్కా పట్టుకుంది. "కాదని చెప్పు అన్నాయ్. నీకు దణ్ణం పెడతాను. నాది కాదను చాలు. నా పిల్లలు రోడ్డు మీదకి రాకుండా ఉంటారు."

మాణిక్యం రెండోవైపు నుంచి ఆమె చెయ్యి విదిలించింది. "నీకేమమ్మా, నువ్వు చెప్తావు. ఆయన చెయ్యి లేకుండా మేం ఏం పెట్టుకు తినాలి?"

"మీ బోణీ నమ్ముకునే కదే ఆ పాలసీ తీసుకుంది!"

"మిమ్మల్నెవరు తీసుకోమన్నారు?"

అధికారి బల్లమీద నెమ్మదిగా తట్టాడు. గవర్రాజు ఎవరి వైపూ చూడలేదు. బల్లమీద, సాక్ష్యంగా పెట్టిన తెర్మాకోలు పెట్టెలో ఆయన చెయ్యి పడుకుని ఉంది. వేళ్ళకు సిరా అంటి ఉంది. గోళ్ళు పెరిగాయి. గోళ్ళు తియ్యాలి అనుకున్నాడు. తన తండ్రి ఆ వేళ్ళను తన వేళ్ళతో పట్టుకుని కత్తెర ఆడించడం నేర్పాడు. నాది కాదు అనాలని నోరు తెరిచాడు. అది నాలిక దాకా వచ్చింది.

"నాదేనండి. ఇన్ని తలలు గొరిగిన చెయ్యి నాది కాకపోతే ఇంకెవడిదండి?" అన్నాడు.

వరహాలమ్మ చొక్కా వదిలేసింది.

అధికారి చాలా సేపు రాసి, తీర్పు చదివాడు. చెయ్యి వాదిదేనని రుజువైంది. కనుక ఆ చెయ్యి చేసిన తిరస్కరణలన్నిటికీ వాదే జవాబుదారు. కంపెనీకి ఇందులో ప్రమేయం కనపడటం లేదు. తిరస్కరణకు గురైనవారందరూ వాదిపై తమకు ఏ అభ్యంతరమూ లేదని తెలిపిన పిమ్మట చెయ్యి వాదికి అప్పగించవలెను. అంతవరకు పనికి అంతరాయం కలగకుండా చెయ్యి కంపెనీ వద్దనే కొనసాగును. బాధితులకు వాదిని ఎప్పుడైనా, ఎక్కడైనా నిలదీసే హక్కు ఉంది. ఇది పాలసీదారుల చరిత్రలో పెద్ద విజయమని, ఇప్పటిదాకా నిలదీయడానికి మనిషే దొరికేవాడు కాదని ఆయన చివర్న అన్నాడు.

మేనేజరు అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. కొట్టడానికి ఆ వీధివాళ్ళలో చాలామందికి వీలు లేకపోయింది.

తిరుగు బస్సులో గవర్రాజు పక్క సీటు ఖాళీగా ఉంది. ఫ్లాస్కుల్లో టీ అలాగే చల్లారిపోయింది.

మర్నాడు పొద్దున్నే వరహాలమ్మ దుకాణం ముందుకొచ్చి నిలబడింది. బుట్టలో పూలు తడిగా ఉన్నాయి. "నీ చెయ్యి పడిపోను!" అని మొదలుపెట్టింది. తనన్న మాట తనకే తగిలి ఆగింది. మళ్ళీ అందుకుంది. నూకరాజు పోయిన రోజు దగ్గర్నుంచి ఆటో అప్పువాళ్ళు తలుపు మీద కొట్టిన దెబ్బల దాకా అన్నీ ఏకరువు పెట్టింది. అలా రోజూ వచ్చేది. గవర్రాజు మొదట్లో ఎదురు చెప్పేవాడు. కంపెనీని అడగమ్మా, నన్నంటే ఏం లాభం అనేవాడు. కంపెనీకి ఫోను చేస్తే చెవి ఎత్తుతోంది, ఎదురు మాట లేదు. నిన్నడిగితే నువ్వు పలుకుతున్నావు, అందుకే నిన్నడుగుతున్నాను అనేది ఆమె. 

తర్వాత తర్వాత వేరే ఊళ్ళ నుంచి కూడా జనం రావడం మొదలైంది. తిరస్కరణ కాగితం కింద ఆయన పేరూ, వీధి పేరూ అచ్చువేయడం కంపెనీ మొదలుపెట్టింది. బెజవాడలో ఆ చెయ్యి రోజూ కొత్త సంతకాలు పెడుతూనే ఉంది. అభ్యంతరం లేదని చెప్పాల్సినవాళ్ళు రోజురోజుకూ పెరుగుతున్నారు. ఒకరిద్దరు జాలిపడి చెప్పేస్తే, సాయంత్రానికి వాళ్ళ స్థానంలో ఇంకో పదిమంది కొత్తవాళ్ళు చేరుతున్నారు. చెయ్యి ఇంటికొచ్చే దారి అలా పొడుగైపోతూ ఉంది.

ఎదురు చెప్పినంతకాలం ఒక్కొక్కరూ చాలాసేపు తిట్టేవారు. ఒకనాడు అలిసిపోయి గవర్రాజు, "తప్పు నాదేనండి," అన్నాడు. ఎదుటిమనిషి తెల్లబోయి చూశాడు. ఇంకో రెండు మాటలని, పోనీలెండి, నేనూ చదవకుండానే సంతకం పెట్టాను, నాదీ తప్పే అని లేచి వెళ్ళిపోయాడు. ఆ కిటుకు తెలిశాక పని తేలికైంది. రాగానే తప్పు నాదే అనడం, వాళ్ళు కాసేపు తిట్టడం, మాదీ తప్పేలెండి అని వెళ్ళిపోవడం. ఎక్కువ తిట్టినవాళ్ళకు వీరాస్వామి టీ పంపేవాడు. తిట్టి తిట్టి గొంతు ఎండిపోయినవాళ్ళు రెండో టీ కూడా తాగేవారు. కొట్లు మళ్ళీ పెందలాడే తెరుచుకోవడం మొదలైంది. ఏసోబు దగ్గర ఒంటి చెప్పులు అమ్ముడుపోతున్నాయి. వరహాలమ్మ కూడా ఆటో పోయాక తిట్టడం తగ్గించింది. పొద్దున్న ఒకసారి వచ్చి, అలవాటు కొద్దీ రెండు మాటలని, బుట్ట ఎత్తుకుని పోయేది. ఆమె ప్రీమియం మానలేదు. ఎవరూ మానలేదు. మానితే ఉన్నది కూడా దక్కదు కదా.

కంపెనీ తణుకులో ఉన్న తన చిన్న ఆఫీసును మూసేసింది. అవసరం లేకపోయింది. ఆ ఆఫీసులో ఫ్యానూ రెండు కుర్చీలూ చిట్టిబాబు తన కారులో వేసుకొచ్చి గవర్రాజు దుకాణంలో దించాడు. ఆ ఏడు శుభచ్ఛాయ కంపెనీ మీద ఒక్క ఫిర్యాదూ అపరిష్కృతంగా లేదని పెద్ద అధికారి ప్రకటించాడు.

ఒక మధ్యాహ్నం పెనుగొండ నుంచి ఒక పెద్దాయన దిగాడు. మోకాళ్ళ కింద రెండు కాళ్ళూ లేవు. కొడుకు మోసుకొచ్చి టీకొట్టు బల్లమీద కూర్చోబెట్టాడు.  గుప్పిట్లో కాగితం నలిగిపోయి ఉంది.

"శుభచ్ఛాయ బీమా కంపెనీ ఎక్కడండి? ఆ నాకొడుకుల్ని ఇవాళ అడిగి కడిగేత్తాను," అన్నాడు.

వీరాస్వామి చెంచాతో ఎదర చూపించాడు. ఏసోబు చంకకర్రతో చూపించాడు. పూలు కట్టుకుంటున్న వరహాలమ్మ తలెత్తకుండానే గడ్డంతో అటు చూపించింది. పెద్దాయన అటు చూశాడు. ఫ్యాను కింద ఒక మంగలి కూర్చుని ఉన్నాడు.

"ఆఫీసు అడుగుతున్నానండి. మంగలి షాపు కాదు. నేను కంపెనీని అడగాలి."

గవర్రాజు లేచి గుమ్మంలోకి వచ్చాడు. కుర్చీని భుజం మీది తువ్వాలుతో దులిపి ముందుకు జరిపాడు.

"ఇదేనండి కంపెనీ," అన్నాడు. "రండి, కూర్చోండి. తప్పు నాదే. ఇక మీరు మొదలెట్టండి."